సంత, పోస్టు, సెల్ ఫోను



ఈమధ్య ఏ ఇంటికి వెళ్ళినా ఒక వాదన వినిపిస్తోంది. సెల్ ఫోనులో బొమ్మ చూసి వస్తువు తెప్పించుకోవడం మంచిదా, అంగడికి వెళ్ళి చూసి కొనుక్కోవడం మంచిదా అని. పిల్లలది ఫోను పక్షం, పెద్దలది అంగడి పక్షం. "చేత్తో పట్టి చూడకుండా గుడ్డ ఎట్లా కొంటారమ్మా?" అని అమ్మమ్మ అడుగుతుంది. "అక్కడ రెండువందలు తక్కువ అవ్వా" అని మనవరాలు అంటుంది. బడిలో చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఏ తగవు విన్నా అది ఎప్పుడు మొదలైందో వెతకాలనిపిస్తుంది నాకు. వెతికితే తేలిందేమిటంటే, ఈ తగవు సెల్ ఫోనుతో పుట్టినది కాదు. కంటితో చూడని సరుకుకు డబ్బు కట్టవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో దగ్గర దగ్గర నూటయాభై ఏళ్ళ నాటిది. ఆంధ్ర దేశానికి వెలుపల, సరిహద్దుల్లో బతికే మనబోటి తెలుగువాళ్ళకు ఆ ప్రశ్నలో మరొక మెలిక కూడా ఉంది. అది భాష. రెండూ కలిపి చెబుతాను, వినండి.

ముందు సంత సంగతి. సంత అనగానే మనకు కొసరు గుర్తుకొస్తుంది. వంకాయలు తూచాక పైన మరో రెండు వేయించుకోవడం, చింతపండు తూకం అయ్యాక ఒక పిడికెడు అడగడం. ఆ కొసరు కోసమే కొందరు సంతకు పోయేవారంటే అబద్ధం కాదు. కానీ సంతను మరీ ఆకాశానికి ఎత్తేయనక్కరలేదు. మన తాతల కాలంలో తూకమూ కొలతా ఊరికొక తీరుగా ఉండేవి. గింజలు కొలవడానికి సోల, తవ్వ, మానిక, కుంచం. తూకానికి వీశె, మణుగు, బారువ. లెక్కకు 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. లెక్క వరకు బాగానే ఉంది. జిల్లా దాటితే మణుగు బరువు మారేది, సంత మారితే శేరు మారేది. సరిహద్దు మనిషి ఈ వారం ఒక సంతలో, వచ్చే వారం మరొక సంతలో కొంటాడు కాబట్టి మోసపోవడానికి అతనికి అవకాశాలు రెండింతలు. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1960ల మొదట్లో కిలో, లీటరు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. ఈ రోజు ఫోనులో "ఒక కిలో" అని చూసి మనం నిశ్చింతగా మీట నొక్కుతున్నామంటే, ఆ నిశ్చింత వెనుక ఉన్నది ఈ చట్టమే గాని ఫోను కాదు.

సంతకు ఇంకొక ముఖం ఉంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని చాలా తక్కువగా రాస్తారు. అంగడి ముందు దూరంగా నిలబడి, డబ్బు నేలమీద పెట్టి, సరుకు పైనుంచి చెంగులో వేయించుకున్న జనం మన ఊళ్ళలోనే ఉండేవారు. వాళ్ళు గుడ్డను చేత్తో పట్టి చూసే హక్కు ఎవరిచ్చారు? "ముట్టుకుని కొనడంలో ఉన్న సుఖం" అని మాట్లాడేటప్పుడు ముట్టుకోనివ్వని కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఫోను అంగడి కులం అడగదు. ఈ ఒక్క మాటను దాని పక్షాన తప్పకుండా రాసుకోండి.

సంత చేసిన గొప్ప మేలు మరొకటుంది. అది భాషలను ఒకచోట కూర్చింది. మా హోసూరు వైపు సంతల్లో అమ్మేవాడు కొనేవాడి మొహం చూసి "ఎంత" అనో, "ఎష్టు" అనో, "ఎవ్వళవు" అనో మాట కలుపుతాడు. బరంపురంలో "కేతే" తోడవుతుంది. బడిలో అడుగుపెట్టని ఆడవాళ్ళు మూడు భాషల్లో అంకెలు చెప్పగలరు. ఎవరు నేర్పారు? సంతే నేర్పింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అటు వెళ్ళింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి పట్నం మైసూరుకూ వెళ్ళాయి. పటం మీద గీత పడింది. కానీ ఎడ్లబండి ఆ గీతను ఎప్పుడు చూసింది కనుక? యానాం సంగతి మరీ విచిత్రం. ఫ్రెంచివారి ఏలుబడి ఉన్నన్నాళ్ళు అక్కడి సుంకాలు వేరు, చుట్టూ ఉన్న బ్రిటిషు తాలూకాల సుంకాలు వేరు. అందుకని సీమసరుకు కోసం గోదావరి పల్లెల జనం యానాం మంగళవారం సంతకు తరలివెళ్ళేవారు. ధర తక్కువ ఉన్నచోటికి పరుగెత్తడం నేటి పిల్లలు కనిపెట్టిన విద్య కాదు.

ఇక పోస్టు సంగతికి వద్దాం. నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఇదే. 1854లో దేశమంతటికీ ఒకే తపాలా రేటు వచ్చింది. 1877లో తపాలా శాఖ వి.పి.పి. అనే పద్ధతి పెట్టింది. 1880లో మనియార్డరు మొదలైంది. ఈ వి.పి.పి. ఎట్లా పనిచేసేదో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. మద్రాసులో ఉన్న వ్యాపారి పొట్లం కట్టి, దాని మీద వెల రాసి పోస్టాఫీసులో ఇస్తాడు. పొట్లం మన ఊరు చేరుతుంది. పోస్టుమాను ఇంటికి తెచ్చి వెల వసూలు చేసుకుని పొట్లం చేతిలో పెడతాడు. ఆ డబ్బు తపాలా శాఖే వ్యాపారికి చేరుస్తుంది. "డబ్బు పంపితే సరుకు పంపుతా" అని అమ్మేవాడు, "సరుకు పంపితే డబ్బు పంపుతా" అని కొనేవాడు, ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఆ ఇద్దరి మధ్య ఇద్దరూ నమ్మే మూడో మనిషి నిలబడ్డాడు. అతడే ఖాకీ చొక్కా పోస్టుమాను.

ఈ పద్ధతి తెలుగువాళ్ళకు, అందులోనూ బయటి తెలుగువాళ్ళకు ఎంత మేలు చేసిందో చూడండి. వావిళ్ళ వారి ముద్రణాలయం 1854లో మద్రాసులో మొదలైంది. బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న మనిషికి తెలుగు భారతమో, శతకమో, పెద్దబాలశిక్షో కావాలంటే ఊళ్ళో అంగడి ఉండవద్దూ? ఉన్నా అక్కడి వ్యాపారి కన్నడమో, ఒరియానో, మరాఠీనో అమ్ముతాడు గాని తెలుగు ఎందుకు తెప్పిస్తాడు? పుస్తకాల పట్టీ చూసుకుని ఒక కార్డు ముక్క రాస్తే పుస్తకం గడపలోకి వచ్చేది. తర్వాతి కాలంలో ఎమెస్కో వారు "ఇంటింటి గ్రంథాలయం" పథకం పెట్టి చందాదారుల ఇళ్ళకు నవలలు పంపారు. అట్లా వచ్చిన చిన్న పుస్తకాలు మన సరిహద్దు ఊళ్ళలో ఇప్పటికీ చాలామంది బీరువాల్లో ఉన్నాయి. మాతృభాషలో బడి లేని చోట అక్షరాన్ని నిలబెట్టిన వాటిలో ఈ పోస్టు పొట్లం ఒకటి అని నేను గట్టిగా చెబుతాను.

మందులదీ అదే దారి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టింది బొంబాయిలో. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిందీ అక్కడే. తెలుగు దేశానికి అంత దూరాన ఉండి తెలుగువాళ్ళకు పత్రికనూ మందునూ అందించారంటే, మధ్యలో రైలూ తపాలా ఉండబట్టే కదా. మద్రాసులో కేసరి గారి కేసరి కుటీరం వారు ఆడవాళ్ళ జబ్బులకు లోధ్ర అనే మందు చేసేవారు. 1928 నుంచి గృహలక్ష్మి అనే పత్రిక కూడా నడిపారు. పత్రికలో ప్రకటన చూసి పోస్టులో తెప్పించుకునే వీలుండడం వల్ల, నలుగురు మగవాళ్ళు కూర్చున్న అంగడిలో నోరు విప్పి అడగలేని మందు కూడా చేతికి అందేది. దూరపు వ్యాపారంలో ఉన్న ఈ మరుగు ఎంత విలువైనదో మగవాళ్ళకు అంత తొందరగా తెలియదు.

మోసాలు లేవా అంటే, లేకేం! పత్రికల వెనుక పేజీల్లో వచ్చిన ప్రకటనలు మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. తొమ్మిది గళ్ళు ఇచ్చి, ఎటు కూడినా 15 వచ్చేలా అంకెలు నింపితే ట్రాన్సిస్టరు బహుమతి అనేవారు. అంకెలు నింపనివాడెవడు? నింపి పంపిన ప్రతివాడికీ బహుమతి వచ్చినట్టే జాబు వచ్చేది. ఖర్చుల కింద ఇంత కట్టి వి.పి.పి. విడిపించుకోమనేవారు. విప్పి చూస్తే ఆడుకునే బొమ్మో, పనికిరాని డబ్బానో. డబ్బు కట్టేదాకా పొట్లం విప్పనివ్వరు కాబట్టి చేసేదేమీ లేదు. ఇప్పుడు ఫోను బదులు సబ్బుబిళ్ళ వచ్చిందని వార్త చదివినప్పుడల్లా నాకు ఆ తొమ్మిది గళ్ళే గుర్తుకొస్తాయి.

చట్టం ఏమీ చేయలేదని కాదు. 1898 నాటి తపాలా చట్టంలో 34, 35 సెక్షన్లు దీని గురించే. కొనేవాడు నిజంగా కోరితేనే పంపుతున్నానని అమ్మేవాడిచేత రాయించుకోవచ్చు. మోసం అని తేలితే డబ్బు అమ్మేవాడికి ఇవ్వకుండా ఆపి, కొనేవాడికి తిరిగి ఇప్పించవచ్చు. నేడు "రిటర్న్", "రీఫండ్" అంటున్నవాటికి ముత్తాత ఈ సెక్షన్లలో కూర్చుని ఉన్నాడు. ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త తపాలా చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది.

ఇక్కడ పిన్ కోడు గురించి ఒక మాట. 1972 ఆగస్టు 15న ఆరు అంకెల పిన్ కోడు వచ్చింది. దాన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఒకే పేరుగల ఊళ్ళు, ఒక్కో భాషలో ఒక్కో తీరుగా రాసిన చిరునామాలు ఉత్తరాలను తిప్పలు పెడుతుంటే ఈ ఉపాయం కనిపెట్టారు. ఇది మన కష్టానికి చేసిన మందు అనిపిస్తుంది నాకు. మన బరంపురం ఉంది. బెంగాలులో ఇంకొక బరంపురం ఉంది. తెలుగులో రాస్తే రెండింటికీ తేడా ఏమిటి? 760 అని ఒరిస్సా అంకె వేస్తే గొడవ లేదు. షోలాపూరుకు 413, హోసూరుకు 635, బళ్ళారికి 583. బళ్ళారికి ఆంధ్రలాగే మొదటి అంకె 5 రావడం చూసి ముచ్చటపడే పెద్దలు ఉన్నారు. అన్నిటికన్నా యానాం సంగతి చూడండి. పాలన పుదుచ్చేరిది, పుదుచ్చేరి అంకె 605. యానాం అంకె మాత్రం 533464, అంటే గోదావరి జిల్లాల వరసలోది. ప్రభుత్వ కాగితం ఒక దారిన, పోస్టు సంచి మరొక దారిన. నేడు ఫోను అంగడివాడు సరుకు మన ఊరికి పంపుతాడో లేదో మొదట తేల్చుకునేది ఈ ఆరు అంకెలు అడిగే.

ఇప్పుడు తెరమీది అంగడికి వద్దాం. ఇది యువకుల కోసం పుట్టిందని మనం అనుకుంటాం. 1984 మే నెలలో ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ అనే ఊళ్ళో 72 ఏళ్ళ ముసలమ్మ ఒకామె ఇంట్లో టీవీ ముందు కూర్చుని, చేతిలో మీటలు నొక్కి వెన్నలాంటి మార్గరీను, కోడిగుడ్లు, కార్న్‌ఫ్లేక్సు తెప్పించుకుంది. కాలు కదలని పెద్దల కోసం అక్కడి పురపాలకులు చేసిన ఏర్పాటు అది. ఇంటినుంచి ఇలా కొన్న మొదటివారిలో ఆమెను చెబుతారు. కనుక ఈ వ్యాపారం అవ్వలకు విరోధి కాదు.

మన దేశంలో 1999లోనే బెంగుళూరులో ఫ్యాబ్‌మార్ట్ అనే సంస్థ ఇంటర్నెట్ అమ్మకం మొదలుపెట్టింది. ఇళ్ళలో ఇంటర్నెట్ ఎంతమందికి ఉండేది అప్పుడు? కొన్నాళ్ళకు వాళ్ళే వీధిలో కిరాణా దుకాణాలు తెరిచారు. 2007 అక్టోబరులో అదే బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. దానికి మొదటి గిరాకీ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ నుంచి, ఒక తెలుగువాడినుంచి. ఇంగ్లీషు పుస్తకం ఒకటి కావాలన్నాడు. ఆ పుస్తకం సిద్ధంగా లేదు. పెట్టిన ఇద్దరూ బెంగుళూరు పుస్తకాల అంగళ్ళు గాలించి, ఒక ప్రతి దొరకబుచ్చుకుని పంపారని చెబుతారు. అంటే తెరమీది అంగడి పరువు మొదటిరోజున కాపాడింది వీధిలోని అంగడే! పిల్లలతో వాదించేటప్పుడు ఈ ముక్క పనికొస్తుంది.

అయినా ఈ వ్యాపారం పట్నం దాటి పల్లెకు వచ్చింది 2010లో ఫ్లిప్‌కార్ట్ "సరుకు ఇచ్చాకే డబ్బు" అన్న పద్ధతి పెట్టాక. కార్డు లేనివాడు, కార్డు ఉన్నా భయపడేవాడు అప్పుడు ధైర్యం చేశాడు. అది 1877 నాటి వి.పి.పి. కాకపోతే మరేమిటి? పోస్టుమాను స్థానంలో వీపున సంచి తగిలించుకుని మోటారుసైకిలు మీద కుర్రవాడు వచ్చాడు, అంతే. సరిహద్దు వాళ్ళకు మరొక చిక్కు కూడా తీరింది. 2017 జూలై 1కి ముందు ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి సరుకు వస్తే అమ్మకపు పన్ను లెక్కలు, చెక్‌పోస్టు కాగితాలు ఉండేవి. జి.ఎస్.టి. వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు.

ఇంతకూ ఏది మేలు? రెండూ మంచివే అని తప్పుకోను. నా మటుకు నేను గుడ్డలు, బియ్యం, పప్పులు అంగడిలోనే కొంటాను, పుస్తకాలు మాత్రం తెరమీదినుంచి తెప్పిస్తాను. కారణాలు చెబుతాను.

గుడ్డ కంటికి కాదు, చేతికి తెలియాలి. బరంపురం పట్టు తీసుకోండి. దాని కుంభం అంచుతోనే దానికి పేరు, 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. షోలాపూరు దుప్పటి తీసుకోండి, పాలమూరు, కరీంనగరం వైపులనుంచి వెళ్ళిన మన పద్మశాలీల చేతి పని ఎంత ఉందో అందులో! ఆ నేత బిగువు బొమ్మలో ఎట్లా తెలుస్తుంది? తప్పనిసరిగా ఫోనులోనే కొంటే పట్టుకు సిల్క్ మార్కు, చేనేతకు హ్యాండ్లూమ్ మార్కు ఉందో లేదో చూసి కొనండి. ఇవి 2004, 2006 సంవత్సరాల్లో వచ్చిన గుర్తులు.

రెండోది అరువు. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మా వీధి చిల్లర అంగడివాడు జీతం ఆగిపోయిన ఇళ్ళకు పుస్తకంలో రాసుకుని నెలల తరబడి సరుకు ఇచ్చాడు. ఎవరి ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళో అతనికి తెలుసు. ఫోను అంగళ్ళు కూడా ఇప్పుడు "తర్వాత కట్టండి" అంటున్నాయి. ఆ మాట చివర గడువూ, వడ్డీ, జరిమానా ఉంటాయి. చిల్లర అంగడివాడి అరువులో వడ్డీ ఉండదని కాదు, వెలలోనే కాస్త కలిపి ఉంటుంది. కానీ ఇంట్లో చావు జరిగిందంటే ఆ నెల అతను అడగడు.

మూడోది మళ్ళీ భాషే. 2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తమ తెరలను తెలుగులో కూడా చూసే వీలు కల్పించాయి. సంతోషించాను. మన ఊరి అంగడి పలకల మీద ఎన్నేళ్ళుగానో కనబడని తెలుగు అక్షరం ఫోనులో కనబడింది. కానీ వస్తువు చేతికి వచ్చాక పొట్లం తిప్పి చూడండి. పొట్లం మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలని 2011 నాటి నియమాలు చెబుతాయి. తక్కిన భాషలు అదనంగా వేసుకోవచ్చు, వేయకపోయినా తప్పు లేదు. గడువు తేదీ చదవలేక మందులాంటి వస్తువు చేతిలో పట్టుకుని పక్కింటి పిల్లవాణ్ణి పిలిచే పెద్దలు ఎంతమంది! అంగడిలో అయితే అడిగితే చెప్పే మనిషి ఉంటాడు, మన మాటలోనే. మన పిల్లలు ఆ అంగడికి పోవడం మానేస్తే వారంలో ఒక్కసారైనా ఇంటి బయట తెలుగు మాట్లాడే చోటు వాళ్ళకు మిగలదు. నాకు నిజంగా దిగులు పుట్టించేది ఇదే గాని, రెండువందలు తక్కువా ఎక్కువా అన్నది కాదు.

అదే భాష కోసం పుస్తకాల విషయంలో నేను పక్షం మారుస్తాను. మా ఊళ్ళో తెలుగు పుస్తకాల అంగడి లేదు. వావిళ్ళ వారి పట్టీ చూసి కార్డు రాసిన బళ్ళారి మనిషికీ, ఫోనులో తెలుగు కథల పుస్తకం వెతుక్కునే నాకూ తేడా ఏమిటి? అంగడి రానిచోటికి పొట్లమే రావాలి.

ఇక కొన్న సరుకు చెడ్డదైతే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. 1986 నాటి వినియోగదారుల చట్టంలో మనం ఉన్న ఊళ్ళోనే ఫిర్యాదు చేయవచ్చునని స్పష్టంగా లేదు. అమ్మేవాడు ఎక్కడో ఉంటే మనమే తిరగాల్సి వచ్చేది. 2019 నాటి చట్టం 2020 జూలైలో అమలుకు వచ్చాక, కొనేవాడు కాపురమున్న జిల్లాలోనే, లేదా పనిచేస్తున్న జిల్లాలోనే కమిషన్ ముందు ఫిర్యాదు వేయవచ్చు. అమ్మేవాడు ఢిల్లీలో ఉన్నా మీరు బళ్ళారిలోనే వేయండి. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే అధికారి పేరు తెరమీద చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. అది చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, అంకె 1915. పొట్లం విప్పేటప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, బిల్లు పారేయకండి. ఆ 1915కు ఫోను చేసినప్పుడు హిందీ రాదనీ, ఇంగ్లీషు రాదనీ వెనుకాడకండి. అక్కడ 17 భాషల్లో మాట్లాడవచ్చు, వాటిలో తెలుగు ఉంది. మీరు హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా తెలుగే అడగండి.